నెలసరి నొప్పి: నూనెలో ఎంత ఉంది, కాపడంలో ఎంత ఉంది

గోదావరి డెల్టాలోని పెనుగొండ, ఆచంట, మార్టేరు వైపు ఆడపిల్లకు నెలసరి నొప్పి మొదలైతే ఇంట్లో ముందు మూత తీసేది పోపుల డబ్బాయే. చిటికెడు వాము నమలమంటారు. శొంఠిపొడి బెల్లంలో కలిపి మింగమంటారు. ఉప్పు వేయించి మూటకట్టి పొత్తికడుపుమీద కాపడం పెడతారు. ఆముదం రాసి పైన వేడి గుడ్డ వేస్తారు. నడుముకు అమృతాంజనం రుద్దుతారు. ఈ పాత చిట్కాల పక్కకు ఇప్పుడు కొత్త సరుకు వచ్చి చేరింది. లావెండర్, క్లారీ సేజ్, గులాబీ వంటి సుగంధ తైలాల చిన్న సీసాలు వందల రూపాయల ధరతో ఫోను తెరమీంచి నేరుగా ఇంటికి వస్తున్నాయి. పాత చిట్కా తరఫున, కొత్త సీసా తరఫున వినిపించే మాట ఒక్కటే: ఇది ప్రకృతి ఇచ్చింది కనుక పనిచేస్తుంది, హాని చేయదు. ఈ మాటను జాగ్రత్తగా పరీక్షించాలి. ఒక మందు చెట్టునుంచి వచ్చిందా, కర్మాగారంనుంచి వచ్చిందా అన్నదాన్నిబట్టి దాని బలం తెలియదు, ప్రమాదమూ తెలియదు. నొప్పి పుట్టే చోట అది ఏం చేస్తుంది, ఎంత చేస్తుంది, ఎంతవరకు దానిమీద ఆధారపడవచ్చు అని అడిగితేనే తెలుస్తుంది. అలా అడిగితే వంటింటి చిట్కాల్లో కొన్ని గట్టిగా నిలబడతాయి, కొన్ని జారిపోతాయి. ఖరీదైన తైలాల గొప్పలో చాలా భాగం మర్దన చేసిన చేతిదని, కాపడం వేడిదని తేలుతుంది.

ముందు నొప్పి ఎలా పుడుతుందో చూడాలి. గర్భసంచి లోపలి పొర ప్రతినెలా గర్భం కోసం సిద్ధపడుతూ మందంగా పెరుగుతుంది. గర్భం నిలవకపోతే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పడిపోతుంది. అప్పుడు ఆ పొరలోని కణాల నుంచి కొవ్వు ఆమ్లాలు విడుదలవుతాయి. సైక్లో ఆక్సిజనేజ్ అనే ఎంజైము వాటిని ప్రోస్టాగ్లాండిన్లుగా మారుస్తుంది. ఇవి గర్భసంచి కండరాన్ని గట్టిగా బిగిస్తాయి, దానికి రక్తం తెచ్చే నాళాలను కుదిస్తాయి. తీవ్రమైన నొప్పి ఉన్నవారిలో బిగింపు సమయాన గర్భసంచి లోపలి ఒత్తిడి పాదరసపు కొలతలో 150 మిల్లీమీటర్లు దాటుతుంది. ఆరోగ్యవంతుల రక్తపోటులో పై అంకె 120 దగ్గర ఉంటుంది కనుక, అంత ఒత్తిడిలో కండరానికి రక్తం అందదు. ప్రాణవాయువు కరువైన కండరం నొప్పితో మెలిపెడుతుంది. ఎక్కువైన ప్రోస్టాగ్లాండిన్లు రక్తంలో కలిసి పేగులను కూడా కదిలిస్తాయి. వాంతులు, విరేచనాలు, తలనొప్పి, ఒళ్లు తూలడం అందుకే. ప్రొజెస్టెరాన్ పడిపోయాకే ఇదంతా మొదలవుతుంది కనుక ఈ నొప్పి రక్తస్రావానికి కాస్త ముందుగానో, దానితోపాటుగానో మొదలై, తొలి రెండు రోజులు తీవ్రంగా ఉండి, మూడో రోజుకు తగ్గుతుంది. కాబట్టి ఇది ఆ పిల్ల నటన కాదు, సుకుమారమూ కాదు. కొలవగలిగిన ఒత్తిడి, గుర్తించగలిగిన రసాయనం దీని వెనక ఉన్నాయి.

ఈ సంగతి బయటపడి ఎంతో కాలం కాలేదు. ఇంగ్లండులోని షెఫీల్డ్ శాస్త్రవేత్త వి. ఆర్. పికిల్స్ నెలసరి స్రావంలో గర్భసంచి కండరాన్ని బిగించే పదార్థం ఉందని 1957లో చూపారు. అది ప్రోస్టాగ్లాండిన్ల గుంపుకు చెందిందని తర్వాత తేలింది. ఆస్పిరిన్ జాతి మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతాయని జాన్ వేన్ 1971లో నిరూపించారు. ఆ పరిశోధనకు 1982లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఐబుప్రొఫెన్, మెఫెనామిక్ ఆమ్లం వంటి మాత్రలు నెలసరి నొప్పికి పనిచేసేది ఈ దారిలోనే. అవి నొప్పిని మరిపించవు, నొప్పిని పుట్టించే పదార్థం తయారవకుండా చూస్తాయి. 80 పరీక్షలను, 5,800 మందికి పైగా స్త్రీలను కలిపి చూసిన కోక్రేన్ అనే వైద్య పరిశోధనా సంస్థ 2015 నాటి సమీక్ష ప్రకారం, ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 18 శాతం మందికి చెప్పుకోదగ్గ ఉపశమనం దొరికితే, అసలు మాత్ర మింగినవారిలో 45 నుంచి 53 శాతం మందికి దొరికింది. ఈ లెక్కలో రెండు సంగతులున్నాయి. మాత్ర బాగా పనిచేస్తుంది, కానీ అందరికీ కాదు. ఉత్తుత్తి మాత్రతో కూడా ప్రతి అయిదారుగురిలో ఒకరికి హాయి కలుగుతుంది. ఏ చిట్కాను తూచినా ఈ రెండో సంగతిని తక్కెడలో ఉంచుకోవాలి.

ఇక వంటింటికి వద్దాం. అక్కడ అన్నిటికన్నా బలమైనది డబ్బాలోని దినుసు కాదు, పొయ్యిమీది వేడి. 2001లో అమెరికాలో జరిగిన పరీక్షలో కొందరు స్త్రీలకు దాదాపు 39 డిగ్రీల వేడినిచ్చే పట్టీని రోజుకు 12 గంటలు పొత్తికడుపుమీద ఉంచారు. కొందరికి ఐబుప్రొఫెన్ ఇచ్చారు, కొందరికి రెండూ ఇచ్చారు. రెండు రోజులు చూస్తే వేడి పట్టీ మాత్రతో సమానంగా పనిచేసింది. రెండూ కలిపి వాడినవారికి గంటన్నరలో తేడా తెలిస్తే, మాత్ర ఒక్కటే వాడినవారికి దాదాపు రెండు గంటల నలభై అయిదు నిమిషాలు పట్టింది. వేడి చర్మంలోని నరాల చివర్లను తాకి, నొప్పి కబురు మెదడుకు చేరే దారిలో అడ్డుపడుతుంది. కండరాన్ని వదులు చేస్తుంది, రక్తప్రసరణను పెంచుతుంది. ఉప్పు మూట కాపడం, వేడినీళ్ల బ్యాగు, వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టిన సీసా చేసే పనీ ఇదే. ఊడ్పుల్లో మోకాలిలోతు నీళ్లలో నడుం వంచి నాట్లు వేసి వచ్చిన కూలీమనిషికి కూడా ఇది అందుబాటులో ఉన్న వైద్యం. షరతు ఒక్కటే: చర్మం కాలేంత వేడి పనికిరాదు. అరచేతి వెనకవైపు హాయిగా ఓర్చుకోగల వేడి చాలు. ఎక్కువ వేడి కన్నా ఎక్కువసేపు ఉండే వేడే మేలు.

దినుసుల్లో మొదటి స్థానం శొంఠిదే. అల్లంలోని జింజరాల్, శోగాల్ అనే పదార్థాలు ప్రయోగశాలలో ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గిస్తాయని తేలింది. అంటే ఇది కూడా మాత్ర నడిచే దారిలోనే కొంత దూరం నడుస్తుంది. 2009లో ఇరాన్‌లో 150 మంది యువతులమీద జరిగిన పరీక్షలో, తొలి మూడు రోజులు రోజుకు ఒక గ్రాము శొంఠి నాలుగు మోతాదులుగా తీసుకున్నవారికి మెఫెనామిక్ ఆమ్లం, ఐబుప్రొఫెన్ తీసుకున్నవారితో సమానంగా ఉపశమనం దొరికింది. తర్వాత వచ్చిన సమీక్షలూ రోజుకు ముప్పాతిక గ్రాము నుంచి రెండు గ్రాముల వరకు శొంఠికి కొంత ఫలితం ఉందన్నాయి. మెంతులకు కూడా ఇరాన్ విద్యార్థినుల మీద చేసిన పరీక్షలో మంచి ఫలితం కనిపించింది. సోపు గింజల నూనె ఎలుక గర్భసంచి బిగింపులను ప్రయోగశాలలో తగ్గించింది. వాములోని ముఖ్య పదార్థమైన థైమాల్ ఎక్కువగా ఉండే జటారియా అనే మొక్కకు కొద్దిపాటి ఆధారం ఉంది. వీటన్నిటినీ కలిపి చూసిన 2016 నాటి కోక్రేన్ సమీక్ష మాత్రం తొందరపడలేదు. అల్లం, మెంతులు వంటివాటికి ఆశాజనకమైన సూచనలున్నా, పరీక్షలు చిన్నవని, నాణ్యత తక్కువని, గట్టి తీర్పు ఇవ్వలేమని చెప్పింది. నా దృష్టిలో దీని అర్థం స్పష్టం. శొంఠి కషాయం తాగడంలో తెలివి ఉంది. అది పనిచేయనప్పుడు కూడా దానినే పట్టుకుని పిల్లను మూడు రోజులు మెలికలు తిరగనివ్వడంలో తెలివి లేదు. రక్తం పలచబరిచే మందులు వాడేవారు శొంఠి విషయంలో, చక్కెర వ్యాధికి మాత్రలు వాడేవారు మెంతుల విషయంలో వైద్యుణ్ణి అడగడం మంచిది.

సుగంధ తైలాల సంగతి ఇంకాస్త చిక్కు. ఇవి తెలుగువాళ్లకు కొత్తవేమీ కాదు. కృష్ణా జిల్లావాడైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం పుదీనా పువ్వు (మెంథాల్), కర్పూరం, నీలగిరి తైలం వంటి సుగంధ ద్రవ్యాల కలయికే. పుదీనా పువ్వు చర్మంలో చల్లదనాన్ని గుర్తించే గ్రాహకాన్ని మేలుకొలుపుతుందని 2002లో బయటపడింది. ఆ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు స్పర్శ, ఉష్ణ జ్ఞానాల పరిశోధనకుగాను 2021లో నోబెల్ వచ్చింది. అంటే బామ్ రాస్తే కలిగే హాయి భ్రమ కాదు, నరాల్లో నిజంగా జరిగే పని. అయితే చర్మంమీది హాయి వేరు, గర్భసంచిలో ప్రోస్టాగ్లాండిన్లు తగ్గడం వేరు. తైలాల తరఫున తరచుగా చూపే పరీక్ష 2006లో కొరియాలో 67 మంది కాలేజీ విద్యార్థినులమీద జరిగింది. లావెండర్, క్లారీ సేజ్, గులాబీ తైలాలను బాదం నూనెలో కలిపి పొత్తికడుపుమీద మర్దన చేస్తే, ఉత్త బాదం నూనెతో మర్దన పొందినవారికన్నా మొదటి రెండు రోజులు నొప్పి తక్కువగా ఉంది. ఇలాంటి ఫలితాలు తర్వాత మరికొన్ని వచ్చాయి.

ఈ ఫలితాలను కొట్టిపారేయలేం, అలాగని యథాతథంగా తీసుకోనూ లేం. మాత్రల పరీక్షలో అసలుది, ఉత్తుత్తిది ఒకేలా తయారుచేసి, ఎవరికి ఏది దక్కిందో తెలియకుండా దాచవచ్చు. వాసనను అలా దాచలేం. లావెండర్ వాసన ముక్కుకు తగలగానే తనకు అసలు మందు దక్కిందని ఆ అమ్మాయికి తెలిసిపోతుంది. ఉత్తుత్తి మాత్రతోనే 18 శాతం మందికి హాయి కలిగిందని ముందే చూశాం. దానికి తోడు మర్దన. నొప్పి కబురు వెన్నుపాములో ఒక ద్వారం దాటి మెదడుకు వెళ్తుందని, రుద్దడం, నిమరడం వంటి స్పర్శలు ఆ ద్వారాన్ని కొంత మూయగలవని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. నడుముకు తల్లి నూనె రాసి నిమిరితే నొప్పి తగ్గడానికి ఇదొక వివరణ. కాబట్టి తైలం తెచ్చే మేలులో వాసన వాటా, చేతి వాటా, వేడి వాటా, నమ్మకం వాటా విడదీయడం కష్టం. తైలం కొనలేని ఇల్లు ఏదో పోగొట్టుకుందని మాత్రం ఎవరూ అనలేరు. గోరువెచ్చని నువ్వుల నూనె, ఓపికగల చెయ్యి, తర్వాత కాపడం ఉంటే ఆ మేలులో చాలా భాగం అందుతుంది.

సహజమైంది కనుక హాని లేదన్న నమ్మకమే అన్నిటికన్నా ప్రమాదం. సుగంధ తైలం అంటే మొక్క సారాన్ని చాలా రెట్లు చిక్కబరచిన ద్రవం. వాములో బరువుకు సుమారు మూడు శాతం తైలం ఉంటుందనుకుంటే, ఒక టీ చెంచా వాము తైలంలో దాదాపు 150 గ్రాముల వాము ఉన్నట్టు. వాము ఎవరూ అంత మింగరు, తైలం మాత్రం పొరపాటున మింగేస్తారు. వింటర్‌గ్రీన్ తైలం ఒక టీ చెంచాలో ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలతో సమానమైన సాలిసిలేటు ఉంటుంది. కర్పూరం, నీలగిరి తైలం కడుపులోకి పోతే, ముఖ్యంగా చిన్నపిల్లల్లో, మూర్ఛలు రావచ్చు. మూర్ఛవ్యాధి ఉన్నవారు వీటిని రాసుకోవడంలో, పీల్చడంలోనూ జాగ్రత్తపడాలి. ఆముదం సంగతి ఇంకా ఆలోచించదగ్గది. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం పేగుల్లోనూ గర్భసంచిలోనూ ప్రోస్టాగ్లాండిన్ గ్రాహకాల్లో ఒకదాన్ని ప్రేరేపిస్తుందని, అందుకే అది విరేచనాన్ని, గర్భసంచి బిగింపును కలిగిస్తుందని 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపారు. అంటే నెలసరి నొప్పికి ఆముదం తాగిస్తే నొప్పిని పుట్టించే దారినే ఇంకాస్త తెరిచినట్టు. అదే ఆముదం పొత్తికడుపుకు రాసి కాపడం పెడితే, ఉపశమనం ఇచ్చేది వేడి. ఒకే సీసాలోని సహజ ద్రవ్యం ఒక దారిలో నిరపాయం, ఇంకో దారిలో నొప్పికి బంధువు. తైలాలు వాడదలచినవారు 50 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలోనో కొబ్బరి నూనెలోనో 20 చుక్కలకు మించకుండా కలిపి, ముందు మోచేతి లోపల రాసి ఒక రోజు చూసి, పైపూతగానే వాడాలి. నోట్లోకి వద్దు, గాయంమీద వద్దు, గర్భం అనుమానం ఉంటే అసలు వద్దు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. తరతరాలుగా అమ్మమ్మలు చేసి చూసిందే కదా, ప్రయోగశాల ఒప్పుకోవాల్సిన అవసరం ఏమిటని అడగవచ్చు. అనుభవం విలువైనదే. శొంఠిని, కాపడాన్ని పరీక్షించాలన్న ఆలోచన శాస్త్రవేత్తలకు వచ్చిందే అలాంటి అనుభవాల నుంచి. కానీ ఈ నొప్పి స్వభావమే అనుభవాన్ని దారి తప్పిస్తుంది. ఏమీ చేయకపోయినా మూడో రోజుకు తగ్గే నొప్పికి రెండో రోజు ఏది ఇచ్చినా, తగ్గించిన ఘనత దానికే పోతుంది. వయసు పెరిగేకొద్దీ, కాన్పు తర్వాత చాలామందిలో ఈ నొప్పి తగ్గుతుంది. అప్పుడు వాడుతున్న మందుకు ఆ పేరు కూడా దక్కుతుంది. ఏది దానంతట అదే తగ్గింది, ఏది మందువల్ల తగ్గింది అని వేరుచేయడానికి, ఒకే రకం మనుషులను రెండు గుంపులుగా చేసి పోల్చడం తప్ప ఇంకో దారి లేదు. అమ్మమ్మ చిట్కాను పరీక్షించడం ఆమెను అవమానించడం కాదు. ఆమె మాటలో ఏది నిజమో మనవరాలికి భద్రంగా అప్పగించడం.

రెండో అభ్యంతరం మాత్రల గురించి. మాత్రలు వేసుకుంటే గర్భసంచి పాడవుతుందని, పిల్లలు పుట్టరని డెల్టా పల్లెల్లో నేటికీ వినిపిస్తుంది. రక్తస్రావం ఉన్న రెండు మూడు రోజులు ఈ మాత్రలు వేసుకోవడంవల్ల సంతానం కలగకుండా పోతుందనడానికి ఆధారం లేదు. నిజమైన ప్రమాదాలు వేరే ఉన్నాయి, వాటిని దాచకూడదు. కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు, ఆస్పిరిన్‌తో పెరిగే ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు, డెంగీ అనుమానం ఉన్నవారు వీటిని సొంతంగా వేసుకోకూడదు. మెఫెనామిక్ ఆమ్లంవల్ల అరుదుగా ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, లోపలి అవయవాలకు దెబ్బ తగిలే తీవ్రమైన ప్రతిచర్య రావచ్చని భారత ఔషధ ప్రమాణాల సంస్థ అయిన ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరు 30న హెచ్చరిక జారీచేసింది. ఆ హెచ్చరిక చదివి మాత్రను భూతంగా చూడనక్కర్లేదు. మాత్ర చేసే హానిని లెక్కపెట్టి, పేరుపెట్టి, ప్రకటించే వ్యవస్థ ఒకటి ఉంది. సీసాలో అమ్మే తైలం చేసే హానిని అంత శ్రద్ధగా లెక్కపెట్టేవాళ్లు తక్కువ. తెలిసిన ప్రమాదాన్ని జాగ్రత్తతో తప్పించుకోవచ్చు. మాత్ర కూడా అన్నం తిన్నాక, నొప్పి ముదిరేదాకా ఆగకుండా మొదటి సూచన కనిపించగానే, వైద్యుడు చెప్పిన మోతాదులో వేసుకుంటే మేలు. ప్రోస్టాగ్లాండిన్లు తయారయ్యాక కన్నా తయారవకముందు ఆపడం సులువు.

పూర్వం బహిష్టు అయిన మనిషిని మూల కూర్చోబెట్టేవారు, దానివల్ల విశ్రాంతి దొరికేది కదా అనే వాదన కూడా ఉంది. విశ్రాంతి కావాలనుకున్నవారికి అది దొరకాల్సిందే. కానీ మైల పేరుతో దక్కేది విశ్రాంతి అనిపించుకోదు. దానితోపాటు వచ్చే సిగ్గు నొప్పి గురించి నోరు విప్పనివ్వదు, నోరు విప్పని నొప్పికి వైద్యం జరగదు. పైగా కదలకుండా కూర్చోవడమే మేలన్న మాట పరీక్షలకు నిలవలేదు. వారానికి మూడుసార్లయినా, ప్రతిసారీ 45 నుంచి 60 నిమిషాలు వ్యాయామం చేసే స్త్రీలలో నెలసరి నొప్పి చెప్పుకోదగ్గంతగా తగ్గవచ్చని 2019 కోక్రేన్ సమీక్ష చెప్పింది. నొప్పి లేని రోజుల్లో చేసే నడక, యోగా, ఆటలు కూడా వైద్యమే.

ఇంటి వైద్యం ఎక్కడ ఆగాలన్నది ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. మూడు నెలలు కాపడం, సరైన మోతాదులో మాత్ర వాడినా నొప్పి లొంగకపోతే, నెలసరి లేని రోజుల్లోనూ పొత్తికడుపు నొస్తే, పాతికేళ్లు దాటాక కొత్తగా మొదలైతే, కలయికలో నొప్పి ఉంటే, గంటా రెండు గంటలకొక ప్యాడ్ తడిసిపోతుంటే, రక్తస్రావం ఏడు రోజులు దాటితే, జ్వరమో దుర్వాసనో ఉంటే అది వంటింట్లో తేలే సంగతి కాదు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరగడం), గర్భసంచిలో గడ్డలు, ఇన్ఫెక్షన్ వంటివి వెనక ఉండవచ్చు. సంతానయోగ్య వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు పదిశాతం మందికి ఎండోమెట్రియోసిస్ ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దాన్ని గుర్తించడానికి ఏళ్లు పట్టడానికి ఒక కారణం, ఆడవాళ్లకు నొప్పి మామూలే అనే మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంతమంది రక్తం తక్కువై తిరుగుతున్నచోట అధిక రక్తస్రావాన్ని వాము నీళ్లతో సరిపెట్టడం వాళ్ల ప్రాణంతో చెలగాటం.

మన రాష్ట్రాల అసలు విషాదం దీనికి అవతల ఉంది. 2015-16 నాటి నాలుగో విడత సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ముందున్న రెండు రాష్ట్రాలు మనవే. దేశం మొత్తంమీద ఈ ఆపరేషన్లకు కారణంగా సగానికి పైగా స్త్రీలు చెప్పింది అధిక రక్తస్రావం, నొప్పి. ఎక్కువ భాగం జరిగింది ప్రైవేటు ఆసుపత్రుల్లో. అవసరంలేని ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలుచేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఈ అంకెలను చూస్తే ఒక దారి కనిపిస్తుంది. పదమూడేళ్లప్పుడు ఓర్చుకోమన్నారు. ఇరవై ఏళ్లప్పుడు వాము నమలమన్నారు. పిల్లలు పుట్టాక ఇక గర్భసంచి ఎందుకు, తీసేయించుకో అన్నారు. ఓర్పుకూ కత్తికీ మధ్య ఉండాల్సిన మెట్లు చాలామంది జీవితాల్లో లేవు: కాపడం, సరైన సమయానికి మాత్ర, వ్యాయామం, రక్తపరీక్ష, స్కానింగు, హార్మోన్ మాత్రలు, వివరంగా మాట్లాడే వైద్యురాలు.

ఆ మధ్య మెట్లను కట్టడమే ఇప్పుడు చేయాల్సిన పని. 2021 అక్టోబరులో మొదలైన స్వేచ్ఛ పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లో ఏడు నుంచి పన్నెండో తరగతి వరకు బాలికలకు నెలకు పది శానిటరీ న్యాప్‌కిన్లు ఉచితంగా ఇవ్వాలని నిర్ణయించారు. బడిలో న్యాప్‌కిన్ గురించి మాట్లాడగలిగినప్పుడు నొప్పి గురించీ మాట్లాడవచ్చు. ప్రోస్టాగ్లాండిన్ అంటే ఏమిటో, కాపడం ఎంత వేడిగా ఉండాలో, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఎవరు వేసుకోకూడదో, ఏ సూచన కనిపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలో చెప్పడానికి ఒక తరగతి సమయం చాలు. పెనుగొండలోనైనా సిద్ధాంతం అనే ఊళ్లోనైనా ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఇంటికి వచ్చినప్పుడు కాన్పు గురించి అడిగినట్టే నెలసరి నొప్పి గురించీ అడగాలి. ఇంట్లో పెద్దవాళ్లు శొంఠి కషాయం కాచి ఇవ్వవచ్చు, నడుముకు నూనె రాసి నిమరవచ్చు. ఆ ప్రేమకు ఏ తైలమూ సాటిరాదు. దానితోపాటు ఇంకో మాట కూడా చెప్పాలి: ఇది తగ్గకపోతే నాకు చెప్పమ్మా, డాక్టరు దగ్గరకు వెళదాం. ఇంటి వైద్యానికి పరువు నిలిచేది అది తన హద్దు తెలుసుకున్నప్పుడే.